హ్యాండ్‌బ్రేకు దించినా ఆరని ఎర్ర లైటు

యాసంగి వడ్లు కోతకొచ్చాయంటే బాన్సువాడ చుట్టుపక్కల సగం రోడ్డు కల్లమే. బీర్కూర్ దారి, వర్ని దారి, నిజాంసాగర్ దారి, ఏది పట్టినా ఒక పక్క ఎండబోసిన వడ్లు, ఇంకో పక్క ఎదురొచ్చే ట్రాక్టరు. కారు నడిపేవాడికి బ్రేకు మీంచి కాలు తీసే తీరిక ఉండదు. ఆ లైటు మొదట కనిపించేది ఇలాంటి చోటే. వడ్ల కుప్పను తప్పించబోయి స్టీరింగు పక్కకు తిప్పగానే మీటరు బోర్డు మీద ఎర్రగా ఒక్క క్షణం మెరుస్తుంది, బండి నేరుగా రాగానే ఆరిపోతుంది. గుండ్రటి గీత, దానికి రెండు పక్కలా రెండు వంపులు, మధ్యలో ఆశ్చర్యార్థకం. ఎడమ చేయి అలవాటు కొద్దీ హ్యాండ్‌బ్రేకు లివరు మీదికి పోతుంది. లివరు కిందికే ఉంటుంది. "ఏం గాదు, వైరు లూజైనట్టుంది" అనుకుని బండి ముందుకు పోతుంది.

చాలాసార్లు లూజైంది వైరు కాదు. బానెట్ కింద బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టం తగ్గింది. బండి మలుపు తిరిగినప్పుడు మిగిలిన ఆయిలు ఒక పక్కకు ఒరుగుతుంది, అందులో తేలే బిరడా కిందికి దిగుతుంది, లైటు వెలుగుతుంది. బండి సర్దుకోగానే మట్టమూ సర్దుకుంటుంది, లైటు ఆరుతుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడూ ఇదే జరుగుతుంది. పట్టించుకోకపోతే కొన్నాళ్లకు ఆ మెరుపు ఆరకుండా నిలబడుతుంది. అప్పటికి చాలామందికి అది కంటికి అలవాటైపోయి ఉంటుంది.

ఒక బల్బు, రెండు తీగలు

మన రోడ్ల మీద తిరిగే కార్లలో చాలావాటికి హ్యాండ్‌బ్రేకుకూ బ్రేకు ఆయిలుకూ కలిపి హెచ్చరిక లైటు ఒక్కటే. దానికి ఒక తీగ లివరు మొదట్లో ఉండే చిన్న స్విచ్చు నుంచి వస్తుంది. లివరు ఒక్క పన్ను పైకి లేచినా స్విచ్చు కలుస్తుంది. ఇంకో తీగ ఆయిలు డబ్బా నుంచి వస్తుంది. డబ్బాలో తేలే బిరడాకు అయస్కాంతం అమర్చి ఉంటుంది. మట్టం కనీస హద్దు చూపే మిన్ గీత దగ్గరికి దిగితే ఆ అయస్కాంతం పక్కనే ఉన్న సన్నటి స్విచ్చును కలుపుతుంది. రెండు స్విచ్చుల్లో ఏది కలిసినా వెలిగేది అదే ఎరుపు. కంపెనీకి ఒక బల్బు ఖర్చు మిగిలింది, నడిపేవాడికి అనుమానం మిగిలింది.

అంతర్జాతీయ గుర్తుల ప్రమాణం ఐఎస్ఓ 2575లో రెండింటికీ వేర్వేరు బొమ్మలున్నాయి. గుండ్రటి గీత మధ్యలో ఇంగ్లిష్ 'పి' ఉంటే పార్కింగ్ బ్రేకు, ఆశ్చర్యార్థకం ఉంటే బ్రేకు వ్యవస్థలో లోపం. అయినా హ్యాండ్‌బ్రేకు వేసినప్పుడు కూడా ఆశ్చర్యార్థకమే వెలిగే కార్లు ఎన్నో. బండి తీసిన ప్రతిసారీ వెలిగి ఆరే గుర్తును ప్రమాదంగా చూడడం ఎవరికైనా కష్టమే. తప్పు మొత్తం డ్రైవరు మీద వేయడం నాకు న్యాయంగా అనిపించదు. ముఖ్యమైన కబురునూ మామూలు కబురునూ ఒకే గొంతుతో చెబితే రెండూ మామూలుగానే వినిపిస్తాయి.

కాబట్టి నడిపేవాడే తేడా కట్టుకోవాలి. లివరు అడుగుదాకా దించాక కూడా లైటు వెలుగుతుంటే, ఆయిలు డబ్బాలో మట్టం చూసేదాకా అది హ్యాండ్‌బ్రేకు లైటు కాదనే అనుకోవాలి. స్విచ్చులు పాడవవని కాదు. లివరు పక్కన ఒలికిన చాయ, కూల్‌డ్రింకు, కల్లంలో లేచే దుమ్ము చేరి స్విచ్చు బిగుసుకుపోవడం షెడ్డుల్లో రోజూ చూసేదే. కానీ అనుమానం స్విచ్చు మీద మొదలుపెట్టినవాడు ఆయిలు దాకా పోడు. ఆయిలు నుంచి మొదలుపెట్టినవాడికి స్విచ్చు దాకా రావడానికి రెండు నిమిషాలు చాలు.

ఆయిలు ఎక్కడికి పోయింది?

డబ్బా తెల్లటి ప్లాస్టిక్‌ది, బానెట్ ఎత్తగానే డ్రైవరు వైపు వెనక గోడకు ఆనుకుని కనిపిస్తుంది. మూత విప్పే పని లేదు, మాక్స్, మిన్ గీతలు బయటినుంచే తెలుస్తాయి. మట్టం మిన్ దగ్గర ఉందంటే కారణం రెండింట్లో ఒకటి. ఎక్కడో కారుతోంది, లేదా ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి.

ప్యాడ్లు అరిగితే ఆయిలు ఎందుకు తగ్గాలని చాలామంది అడుగుతారు. డిస్కును పట్టే కాలిపర్‌లో పిస్టన్ ఉంటుంది. ప్యాడు పలచబడే కొద్దీ పిస్టన్ అంతంత బయటికి జరిగి నిలబడుతుంది. దాని వెనక పెరిగిన ఖాళీని నింపడానికి డబ్బాలోంచి ఆయిలు దిగుతుంది. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు, ఆయిలు చోటు మారిందంతే. అంటే ఈ లైటు తెలిసో తెలియకో ప్యాడ్ల అరుగుదలను కూడా చెబుతోంది.

ఇక్కడే మన దగ్గర అందరూ చేసే పొరపాటు ఉంది. "అన్నా, లైటు ఆర్తలేదు" అని షెడ్డుకు పోతే, చేతిలో వేరే పని ఉన్న పిల్లవాడు డబ్బాలో ఇంత ఆయిలు పోసి పంపించేస్తాడు. లైటు ఆరుతుంది, ఇద్దరికీ తృప్తి. కానీ ప్యాడ్ల సంగతి చెప్పే ఆ ఒక్క గొంతునూ నొక్కేసినట్టే. ఆ తర్వాత ప్యాడు పూర్తిగా అరిగి, ఇనుప పలక డిస్కును గీరి, కీచుమనే చప్పుడు వచ్చేదాకా తెలియదు. అప్పుడు ప్యాడ్లతో పాటు డిస్కులకూ డబ్బు పెట్టాలి. ఇంకో తమాషా ఏమంటే, కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్లను వెనక్కి నెట్టగానే పైనుంచి పోసిన ఆయిలంతా డబ్బాలోంచి పొంగి బయటికొస్తుంది. బ్రేకు ఆయిలు పెయింటును తినేస్తుంది. బాడీ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి.

కారడమైతే వేరే కథ. కారు నిలిపిన చోట నాలుగు చక్రాల లోపలి పక్కన తడి ఉందేమో చూడాలి. వెనక డ్రమ్ముల్లోని వీల్ సిలిండర్ రబ్బరు పోతే ఆయిలు లోపల బ్రేకు షూల మీదికి కారి, తర్వాత టైరు లోపలి గోడ మీద నల్లటి చారగా కనిపిస్తుంది. మాస్టర్ సిలిండర్ పోతే బయట చుక్క కనిపించకపోవచ్చు. పెడల్ తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతూ ఉంటుంది. బండి స్టార్టు చేసి, కదలకుండా, పెడల్‌ను అరనిమిషం పాటు ఒకే బలంతో తొక్కి ఉంచండి. దిగకుండా నిలిస్తే సరే. దిగుతుంటే ఆ బండిని ఇంటినుంచి కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోండి.

ఒక చోట కారితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారిగా పోకుండా కార్లలో ఆయిలు దారిని రెండుగా విడగొడతారు. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో సాధారణంగా ఇది ఐమూలగా ఉంటుంది. ముందు ఎడమ చక్రంతో వెనక కుడి చక్రం, ముందు కుడితో వెనక ఎడమ. ఒక దారి ఖాళీ అయితే రెండు చక్రాలు మిగులుతాయి. పెడల్ చాలా లోతుకు పోతుంది, మామూలుగా ఆగే దూరంలో బండి ఆగదు. "బ్రేకు పడుతనే ఉంది గదా" అనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. పడుతున్నవి సగం బ్రేకులు కావచ్చు.

లైటుకు తెలియని సంగతి ఇంకొకటుంది, ఆయిలు వయసు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ కనీసం 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ లెక్క 230, 155. పొడవాటి వాలు దిగుతూ కాలు తీయకుండా బ్రేకు తొక్కితే ఆ వేడికి పాత ఆయిలు మరిగి బుడగలు కడుతుంది. బుడగ నొక్కుకుపోతుంది గానీ ఒత్తిడిని చక్రం దాకా చేర్చదు. పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. డబ్బాలో మట్టం మాక్స్ దగ్గరే ఉంటుంది కాబట్టి లైటు వెలగదు. అందుకే చాలా కార్ల పుస్తకాల్లో రెండేళ్లకోసారి ఆయిలు మార్చమని రాసి ఉంటుంది. మన దగ్గర ఇంజన్ ఆయిలు మార్చిన తేదీ అందరికీ నోటికి వస్తుంది, బ్రేకు ఆయిలు తేదీ అడిగితే మొహాలు చూసుకుంటాం. తొందరలో దొరికిందని ఇంజన్ ఆయిలునో పవర్ స్టీరింగ్ ఆయిలునో ఆ డబ్బాలో పోయడం అన్నిటికన్నా చెడ్డ పని. లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

లైటు చూసేది లివరునే

ఇప్పుడు అసలు హ్యాండ్‌బ్రేకు సంగతి. లైటుకు తెలిసింది లివరు పైకుందా కిందికుందా అన్నదొక్కటే. చక్రం దగ్గర బ్రేకు పట్టిందా, వదిలిందా అన్నది దానికి తెలియదు. ఈ చిన్న విషయంలోంచి రెండు పెద్ద తలనొప్పులు పుడతాయి.

మొదటిది, లైటు వెలిగింది గదా అని బండిని వదిలి పోవడం. లివరు ఒక్క పన్ను లేచినా లైటు వెలుగుతుందని పైన చెప్పుకున్నాం. తీగ సాగిపోయిన బండిలో ఆరేడు పళ్లు గుంజినా షూలు సరిగా పట్టవు. లివరు చివరిదాకా వస్తోందంటే, లేదా ముందుకన్నా ఎక్కువ 'టిక్'లు వినిపిస్తున్నాయంటే, షూలు అరిగాయి లేదా తీగ వదులైంది. ఎన్ని టిక్కులుండాలో కారు పుస్తకంలో ఉంటుంది.

రెండోది, లివరు దించాక లైటు ఆరింది గదా అని నడిపేయడం. మంజీర పక్క పొలాలకు, కాలువ గట్ల మీదికి తిరిగే కార్లలో ఇది ఎక్కువ. బురదనీళ్లు తీగ తొడుగులోకి చేరి తుప్పు పడుతుంది. లివరు కిందికి వచ్చినా తీగ వెనక్కి జారదు, షూలు డ్రమ్మును పట్టుకునే ఉంటాయి. మీటరు బోర్డు మీద ఏ లైటూ లేదు. "బండి గుంజుతలేదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది" అని ఇంజన్ విప్పించేవాళ్లున్నారు. పరీక్ష తేలిక. ఓ పది కిలోమీటర్లు నడిపాక దిగి, తాకకుండా, వెనక చక్రాల దగ్గరికి చేయి పెట్టి చూడండి. ఒక చక్రం సెగ కొడుతూ రెండోది కొట్టకపోతే, లేదా కాలిన వాసన వస్తుంటే, అక్కడే పట్టుంది. అలాంటి బండిని వరిగడ్డి మీద నిలపొద్దు. సైలెన్సర్ వేడి ఒక్కటే ఎండుగడ్డిని అంటించగలదు, దానికి ఈ వేడి కూడా తోడవుతుంది.

హ్యాండ్‌బ్రేకు వేసి ఉండగానే బండి కదిపి ఊరు దాటేదాకా చూసుకోనివాళ్లూ ఉంటారు. కొత్త కార్లలో బండి కదలగానే బజర్ మోగుతుంది, పాతవాటిలో లైటే దిక్కు. అలా కొంత దూరం పోతే లివరు దించి ఊరుకోకూడదు. వేడెక్కిన షూలు నున్నగా గాజులా మారితే తర్వాత పట్టు తగ్గుతుంది. ఒకసారి డ్రమ్ములు విప్పించి చూడాలి.

బస్సుకు గాలి, కారుకు ఆయిలు

బాన్సువాడలో ఆర్టీసీ డిపో ఉంది. తెల్లవారుజామున బస్సు స్టార్టు చేసి డ్రైవరు కాసేపు కదలకుండా ఎందుకు కూర్చుంటాడో గమనించారా? గాలి ఎక్కడం కోసం. పెద్ద బండ్ల బ్రేకులు గాలి ఒత్తిడితో నడుస్తాయి. వాటి పార్కింగ్ బ్రేకులో మాత్రం బలమైన స్ప్రింగు ఉంటుంది, గాలి ఆ స్ప్రింగును వెనక్కి నెట్టి పట్టుకుంటేనే చక్రం తిరుగుతుంది. గాలి పోయిందంటే స్ప్రింగు వచ్చి చక్రాన్ని పట్టేస్తుంది. లోపం వస్తే ఆగిపోయేలా కట్టిన ఏర్పాటు అది. గాలి చాలకపోతే బస్సు అసలు డిపో గేటు దాటదు.

కారు దానికి తలకిందులు. ఆయిలు పోయినా కారు ఎప్పటిలాగే హాయిగా కదులుతుంది, ఆగమన్నప్పుడే ఆగదు. కారులో ఆ స్ప్రింగు చేసే పనిని ఎర్ర లైటుకూ, దాన్ని చూసే మనిషికీ వదిలేశారు. అందుకే ఈ లైటును తేలిగ్గా తీసుకోవద్దని ఇంతగా చెప్పడం.

అలాగని గాలి బ్రేకులున్న బండ్లకు ముప్పు లేదని కాదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో వంద మందికి పైగా ఎక్కి ఉన్నారు. బ్రేకులు పడలేదన్న మాట, మోయలేనంత జనం, ఘాట్ మలుపులు, అన్నీ అప్పుడు చర్చకు వచ్చాయి. వాలు మీద బ్రేకుకు తోడుగా ఇంజన్ ఉండాలన్నది కారుకూ బస్సుకూ ఒకటే సూత్రం. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందని చెప్పే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. ఆ మిగిలే డీజిల్ విలువ ఎంతో వాళ్లే లెక్క చెప్పాలి.

వాలు మీద నిలిపినప్పుడు

బాన్సువాడ చదును నేల. గేరులో వేసి తాళం తీస్తే బండి ఎక్కడిదక్కడే ఉంటుంది, హ్యాండ్‌బ్రేకు అవసరం తెలిసిరాదు. బీర్కూర్ మండలం తిమ్మాపూర్ గుట్ట మీది వేంకటేశ్వరుడి గుడికి పోయినప్పుడో, నిర్మల్ దాటి ఘాట్ ఎక్కినప్పుడో, తిరుమల పోయినప్పుడో అది గుర్తొస్తుంది. చదునులో అలవాటు కాని పని వాలు మీద చేయి చేయదు.

దీనికి చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో 126వ సెక్షన్ ప్రకారం, డ్రైవరు సీటులో లైసెన్సు ఉన్నవాళ్లు లేకుండా బండిని బహిరంగ స్థలంలో నిలిపితే, ఇంజన్ ఆపి, బ్రేకు వేసి, లేదా బండి తనంతట తాను కదలకుండా తగిన జాగ్రత్త తీసుకుని ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 96వ నియమం కాలి బ్రేకుతో పాటు విడిగా పార్కింగ్ బ్రేకు ఉండాలంటుంది. కార్ల బ్రేకులకు ఐక్యరాజ్యసమితి చేసిన 13-హెచ్ నిబంధన, నిండా బరువున్న కారును 20 శాతం వాలు మీద పార్కింగ్ బ్రేకు ఒక్కటే నిలబెట్టాలని చెబుతుంది. అంటే వంద మీటర్ల అడ్డదూరానికి 20 మీటర్ల ఎత్తు. మామూలు రోడ్డు మీద అంత వాలు అరుదు. మీ బండి చిన్న ర్యాంపు మీద కూడా జారుతోందంటే దాని హ్యాండ్‌బ్రేకు పట్టు బాగా తగ్గిపోయినట్టే.

గేరులోనో 'పి'లోనో ఉంటే చాలదా అంటే, అమెరికాలో జరిగినదొకటి చెప్పాలి. 2016 జూన్ 19న స్టార్ ట్రెక్ సినిమాల నటుడు ఆంటన్ యెల్చిన్ లాస్ ఏంజెలెస్‌లో తన ఇంటి వాలు దారిలో కారు దిగాడు. ఆ జీప్ గ్రాండ్ చెరోకీ వెనక్కి జారి వచ్చి గేటుకూ దానికీ మధ్య అతన్ని నొక్కేసింది. 27 ఏళ్లకే పోయాడు. ఆ రకం గేరు మీట ఏ స్థానంలో ఉందో నడిపేవాళ్లకు సరిగా తెలియడం లేదని, 'పి'లో వేశామనుకుని దిగిపోతున్నారని, అంతకు రెండు నెలల ముందే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 11 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. ఆటోమేటిక్ కార్లు మన ఊళ్లకూ వచ్చేశాయి కాబట్టి ఇది మనకూ సంబంధించిందే. 'పి'లో వేస్తే గేరు పెట్టెలోని చిన్న కొక్కెం పంటి చక్రంలో పడుతుంది. వాలు మీద బండి బరువంతా ఆ కొక్కెం మీద వేలాడితే తర్వాత మీట లాగడానికి రాక 'ఠక్'మని చప్పుడుతో వదులుతుంది. బ్రేకు తొక్కి ఉంచి, ముందు హ్యాండ్‌బ్రేకు వేసి, ఆ తర్వాత 'పి'లోకి మార్చి, చివర కాలు తీయడం సరైన వరస.

మాన్యువల్ గేరు కారైతే ముక్కు పైకి ఉన్నప్పుడు ఫస్ట్ గేరు, కిందికి ఉన్నప్పుడు రివర్స్. చక్రానికి రాయి పెట్టడం పాతకాలపు పద్ధతి అని నవ్వేవాళ్లు నవ్వనీ. ఆ రాయికి తీగ లేదు, తుప్పు లేదు. వెళ్లేటప్పుడు దాన్ని రోడ్డు మధ్యలో వదిలి పోకండి, వెనక వచ్చేవాడు బైకు మీద ఉంటాడు.

నడుస్తుండగా వెలిగితే

ముందు యాక్సిలరేటర్ వదలండి. లివరు పూర్తిగా దిగి ఉందో లేదో చేత్తో నొక్కి చూడండి. పెడల్ మెల్లగా తొక్కి ఎంత లోతుకు పోతోందో గమనించండి. ఎప్పటి ఎత్తులోనే గట్టిగా ఉంటే బండి పక్కకు తీసి ఆపి డబ్బా చూడండి. మట్టం మిన్ దగ్గరుండి ఎక్కడా తడి లేకపోతే, నెమ్మదిగా, ముందు బండికి దూరంగా, దగ్గరి షెడ్డు దాకా పోవచ్చు. డబ్బా ఖాళీగా ఉన్నా, పెడల్ మెత్తగా ఉన్నా ఆ బండి ఇంక నడిచేది కాదు. పిట్లం దగ్గర హైవే ఎక్కాక చూసుకుందాం అనేది పనికిరాని ఆలోచన.

పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, చక్రాలు బిగుసుకోకుండా కాపాడేది మాత్రం ఉండదు. పసుపూ ఎరుపూ రెండూ కలిసి వెలిగితే ముందు వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా పోయి ఉండొచ్చు. అప్పుడు గట్టి బ్రేకుకు వెనక చక్రాలు ముందే బిగిసి బండి గిరుక్కున తిరగవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఈ జంట లైట్లు ఇప్పుడు చిన్న కార్లలోనూ చూస్తాం. ఆయిలు డబ్బా నిండుగానే ఉన్నా ఈ రెండూ వెలుగుతుంటే స్కానర్ పెట్టి చూడాల్సిందే.

పెడల్ పూర్తిగా నేలకు పోతే గబగబా పంపు కొట్టినట్టు తొక్కాలి, ఒక్కోసారి కొంత పట్టు తిరిగి దొరుకుతుంది. గేర్లు ఒక్కొక్కటిగా దించాలి. ఇంజన్ ఆపకూడదు, ఆపితే స్టీరింగు బరువెక్కుతుంది, ఉన్న కాస్త బ్రేకుకూ బూస్టర్ సాయం పోతుంది. హ్యాండ్‌బ్రేకును వేలితో బొత్తాం నొక్కి ఉంచే కొంచెం కొంచెంగా లేపాలి, వెనక చక్రాలు జారుతున్నట్టు తోస్తే వెంటనే కాస్త దించాలి. ఒక్క గుంజుతో లేపితే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. హారన్, నాలుగు లైట్లూ వేసి ఉంచాలి. ఒక పక్క నిజాంసాగర్ కాలువ, ఇంకో పక్క నాటేసిన మడి ఉంటే ఎటు తిప్పాలో చెప్పనక్కర్లేదు.

మీటలు వచ్చాక

2020లో వచ్చిన రెండో తరం క్రెటా లాంటి కార్లలో లివరు బదులు వేలితో లేపే మీట వచ్చింది. చేత్తో గుంజే పని చిన్న మోటారు చేస్తుంది. వీటిలో పార్కింగ్ బ్రేకు లైటు నిలకడగా వెలిగితే బ్రేకు పట్టినట్టు, మిణుకు మిణుకుమంటే ఏదో లోపం ఉన్నట్టు. బ్యాటరీ నీరసించినప్పుడు బ్రేకు వదలకపోవడం వీటికే ప్రత్యేకమైన బాధ. నలుగురు కలిసి నెట్టినా కదలదు, ట్రాక్టరుకు కట్టి గుంజితే మోటారు పోతుంది. వేరే బ్యాటరీ తెచ్చి కేబుల్ తగిలించాక, పెడల్ తొక్కి మీట నొక్కితే వదులుతుంది. నడుస్తుండగా కాలి బ్రేకు పోతే ఈ మీటను లేపి అలాగే పట్టుకుంటే చాలా కార్లలో బండి అదుపులో ఆగుతుంది. మీ కారులో ఎలాగో పుస్తకంలో ముందే చూసి పెట్టుకోండి, ఆ క్షణంలో పేజీలు తిప్పలేరు.

దుబాయి నుంచి వచ్చేసరికి

నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో గల్ఫ్‌కు పోయినవాళ్లున్న ఊళ్లకు లెక్కలేదు. సెలవులో వచ్చినప్పుడు కారు నడిపి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా గుంజి, కవరు కప్పి పోతారు. వానాకాలం గడిచి తిరిగొచ్చేసరికి షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోయి ఉంటాయి. లివరు దిగుతుంది, లైటు ఆరుతుంది, చక్రం కదలదు. రేసు పెంచి క్లచ్ ఒక్కసారిగా వదిలితే షూ మీది లైనరు ఊడి వస్తుంది. ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపి చూడాలి. వదలకపోతే చక్రం విప్పి డ్రమ్మును చుట్టూ చిన్నగా తట్టించాలి. నెలల తరబడి నిలిపేటప్పుడు అసలు హ్యాండ్‌బ్రేకు వేయకుండా, చదునైన చోట, గేరులో ఉంచి, ముందూ వెనకా ఇటుకలు పెట్టి పోవడం మంచిది. వడ్ల గదుల పక్కన నిలిపితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి, తిరిగొచ్చేసరికి లేని లైట్లు కూడా వెలుగుతుంటాయి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మాత్రం వెలిగే లైటుకన్నా వెలగని లైటుకే భయపడాలి. నంబరు టీఎస్ 17 అయినా, హైదరాబాద్ నుంచి తెచ్చిందైనా, తాళం ఒక్క మెట్టు తిప్పి ఇంజన్ స్టార్టు చేయకుండా చూడండి. ఆరోగ్యంగా ఉన్న బండిలో మీటరు బోర్డు మీది హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలుగుతాయి. తర్వాత లివరు ఒక్క పన్ను లేపితే బ్రేకు లైటు రావాలి, దించితే పోవాలి. ఆయిలు డబ్బా మూతకో పక్కకో ఉన్న వైరు ప్లగ్గు తగిలించే ఉందా, లైటు రాకుండా ఎవరైనా పీకేశారా అన్నది బానెట్ ఎత్తి చూడండి. లివరు లేపినా లైటు రాకపోతే, అమ్మేవాడు "అది మామూలే అన్నా, బల్బు పోయింది" అంటే, బల్బు వేయించాకే బేరం మాట్లాడదామని చెప్పండి.